నోరు మూసుకుని చేసిన మట్టిపని

"మిషన్ ఆపుతావా, నన్నే దాని ముందర పండుకోమంటావా?"

"పండుకో మే, పండుకో. ఆదోని దిక్కు మబ్బు సూసినావా? అది నీ మాట ఇని ఆగుతాదా?"

"మబ్బు సంగతి నాకు సెప్పగాకు. పొద్దు మునిగినాంక మిషన్ కూయకూడదని మాట అనుకున్నాం. నీ నోటితోనే అన్నావు. మేడం గూడా ఆడే ఉన్నింది."

"అన్నాను. ఆ పొద్దు మబ్బు ల్యాదు, ఈ పొద్దు ఉండాది. ఈ రాత్రికి కాలవ నోరు తెరవకపోతే నీళ్ళు యాడికొస్తాయి? మీ మగ్గం గుంటల్లోకే వస్తాయి. అప్పుడు మళ్ళా నన్నే తిడతావు."

"వస్తే రానీ. గుంటలో నీళ్ళయితే తోడుకుంటాం. పసిబిడ్డకు బెదురు పడితే ఎవురు తోడతారు దాన్ని?"

"నీ మనవరాలు ఒకతే మనిషా? దాని నిద్ర కోసరం మా రూతమ్మ కాలు ఇరిగి మంచాన పడింది. అది తెలుసా నీకు?"

సువర్ణమ్మ ఎత్తిన చెయ్యి అట్లాగే నిలిచిపోయింది. "ఎవురి కాలు?" అని అడిగింది.

ఇది ఎమ్మిగనూరు శివారులో, జమ్ముకుంట గట్టు మీద, జేసీబీ ముందు ఒక సాయంత్రం జరిగిన గొడవ. గట్టు కిందనే నేతగాళ్ళ వీధి. అందులో చివరి ఇల్లు సువర్ణమ్మది. ఆమె కూతురు తొలికాన్పుకు వచ్చి, బాలింతగా చీకటి గదిలో ఉంది. నేను ఆ కుంటలో మట్టిపని చేస్తున్న ఆడవాళ్ళ గుంపుకు మేస్త్రీని. వానకు పారే వంక నీళ్ళు కుంటలోకి వచ్చే కాలువ నోటి దగ్గర ఒక్క మట్టిదిబ్బ మిగిలి ఉంది. అది తీస్తే నీళ్ళు కుంటలో పడతాయి. తీయకముందే వాన వస్తే నీళ్ళు పల్లంలో ఉన్న నేతవీధికి తిరుగుతాయి, మేము ఎండాకాలమంతా మోసిన పూడిక మళ్ళీ కుంటలోకి జారుతుంది. నాకు, సువర్ణమ్మకు ఇద్దరికీ ఆ నోరు తెరుచుకోవాలి. తెరిచేటప్పుడు చప్పుడు కాకూడదని ఆమె, కాక తప్పదని నేను.

ఆ గొడవ ఎట్లా తీరిందో చెప్పే ముందు ఈ పని ఏమిటో చెప్పాలి. మట్టిపని మేస్త్రీలుగా, ఉపాధిపని మేట్లుగా ఇప్పుడు ఆడపిల్లలు చేరుతున్నారు. ఫోనులో హాజరు వేయడం వాళ్ళకు బాగా వచ్చు. అది నాకు రాదు, దాని గురించి నేను చెప్పను. నన్ను మూడో తరగతితో బడి మానిపించారు. తెలిసింది చెబుతాను.

కూతమనిషి

మట్టిపని అంటే పార, గడ్డపార, తట్ట అనుకుంటారు. వాటికంటే ముందు చూసుకోవలసింది కూతమనిషిని. మట్టి కోసేటప్పుడు పైన ఒక మనిషి నిలబడుతుంది. ఆమె చేతిలో పార ఉండదు. చూడటమే ఆమె పని. పైమట్టి బీటలిచ్చినా, మిషన్ చెయ్యి ఇటు తిరిగినా, ట్రాక్టరు వెనక్కి వస్తున్నా ఆమె కూత వేయాలి. కింద ఉన్నవాళ్ళు తల ఎత్తి చూడకుండా, ఎందుకని అడగకుండా పక్కకు దూకాలి. అడిగి దూకేవాళ్ళను నేను గుంపులో పెట్టుకోలేదు.

మా గుంపులో కూతమనిషి రూతమ్మ. ఆదోనిలో మా పేట, ఆమె పేట పక్కపక్కనే. వాళ్ళు చర్చికి పోతారు, మేము ఈరన్న స్వామికి మొక్కుతాం. ఇద్దరం పెళ్ళికాక ముందే తట్ట ఎత్తాం. మొదట ఎత్తింది ఈ జమ్ముకుంటలోనే. మా అమ్మలు గట్టు పనికి వస్తే వెంట వచ్చాం. అప్పుడు ఈ కుంటలో నీళ్ళుండేవి. పని అయ్యాక కాళ్ళు కడుక్కుంటుంటే కొత్త నీళ్ళు కాలువ నోట్లోంచి దూకే చప్పుడు విన్నాం. రూతమ్మ ఆ మాట ఏళ్ళ తరబడి చెప్పేది. వేరే ఏ చెరువు దగ్గర నీళ్ళు చూసినా, "ఇది కాదుక్కా, జమ్ముకుంట సప్పుడు వేరే" అనేది. ఆ కుంట పూడిపోయి, చెత్తకుప్ప అయి, దాన్ని మళ్ళీ చిత్తడి నేలగా బాగుచేసే పని మా గుంపుకే వచ్చినప్పుడు రూతమ్మ ఒకటే మాట అంది. "ఇంగ ఇదే నా కడపటి పని. ఆ నీళ్ళు సూసి తట్ట బోర్లించి, నా కూతురి దగ్గరికి పోతా."

ఆమె కూత ఎట్లా ఉండేదంటే, "జరగండో...య్" అని మొదలుపెడితే చివర అక్షరం వచ్చేలోపే అందరం పక్కకు చేరేవాళ్ళం. గొంతు సన్నం. కానీ మిషన్ చప్పుడును చీల్చుకుని వచ్చేది. మధ్యమధ్య వాళ్ళ చర్చి పాట అందుకునేది. పాట నడుస్తున్నంతసేపు పైన మట్టి బాగుందని మాకు లెక్క. పాట ఆగితే పారలు ఆగేవి.

ఇప్పుడు రూతమ్మ హొళగుందలో కూతురి దగ్గర ఉంది. అల్లుడి వాళ్ళది కన్నడం మాట్లాడే ఇల్లు. ఫోన్ చేస్తే సగం కన్నడం, సగం తెలుగు కలిపి మాట్లాడి తనే నవ్వుకుంటుంది. ఒకప్పుడు ఫోన్ మాటకు డబ్బులు పడతాయని నేను తొందరగా పెట్టేసేదాన్ని. ఇప్పుడు ఎంతసేపు మాట్లాడినా ఒకటేనని మనవరాలు చెబుతుంది. అయినా చెయ్యి ఊరుకోదు, పెట్టేస్తాను. పెట్టేశాక ఇంకొంచెం వినాల్సింది అనిపిస్తుంది. పొద్దున నిద్రలేస్తే మా పేటలో గుంపు పోగయ్యే సందడి లేదు. ఎవరో ఒకరు తలుపు కొట్టి "అక్కా, ట్రాక్టరు వచ్చినాది" అంటారేమోనని చెవి అటే ఉంటుంది. ఎవరూ అనరు. పని మానేసినవాళ్ళకు ఒళ్ళు సుఖపడుతుందని అందరూ అంటారు. ఒళ్ళు సుఖంగానే ఉంది.

ఆదోని అలవాటు

మాకు ఎక్కువ పని ఇచ్చింది ఆదోని కాంట్రాక్టరు ఒకాయన. మంచివాడే, కూలి ఆపేవాడు కాదు. కానీ ఆయనకు చెవులు లేవు. పత్తి మిల్లుల పక్కన పెరిగిన మనిషి. అక్కడ సీజన్లో రాత్రింబవళ్ళు మిల్లు తిరుగుతుంది, లారీలు తిరుగుతాయి. మిల్లు ఆగితేనే మనుషులకు మెలకువ వస్తుంది. అక్కడ ఆయన రాత్రిపూట జేసీబీ నడిపితే అడిగినవాళ్ళు లేరు. చల్లగా ఉంటుంది, డీజిల్ కలిసొస్తుంది, డ్రైవరు దొరుకుతాడు అనేవాడు. అదే అలవాటు ఎమ్మిగనూరుకు తెచ్చాడు.

మొదటి రాత్రికే వీధి అంతా గట్టు మీదికి తగువుకు వచ్చింది. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఇళ్ళ దగ్గర మిషన్ పని చేయకూడదని నియమం ఉందని వీధిలో చదువుకున్న పిల్లలు ఫోనులో చూపించారు. కాంట్రాక్టరు నన్ను ముందుకు తోశాడు. ఆడమనిషి మాట్లాడితే తగ్గుతారని ఆయన ఆశ. వాళ్ళు తగ్గలేదు.

"ఆదోనిలో సాగుతుందప్పా, ఈడ యాల సాగదు?" అని ఆయన తర్వాత నన్ను అడిగాడు.

"ఆడ మిల్లు మనుషులు, ఈడ మగ్గం మనుషులు. మగ్గం కాడ దారం తెగినా ఇనపడాల గదన్నా" అన్నాను.

కొత్తగా మేస్త్రీలు అయ్యేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. ఒక ఊరి అలవాటు ఇంకో ఊరికి తట్టలో పెట్టుకుని పోవద్దు. దిగిన చోట ముందు ఎవరు ఎప్పుడు నిద్రపోతారో అడగండి. పని ఎంత ఉందో తర్వాత అడగొచ్చు.

రేకులు

ఆ పని చేయిస్తున్నది చిన్న వయసు ఇంజనీరు మేడం. నేను చూసిన పై అధికారుల్లో ఆమెను మంచివాళ్ళలో పెడతాను. పొద్దున మాతో పాటు గట్టు మీద ఉండేది. తప్పు చేస్తే తప్పని అనేది. చాలామంది సార్లకు ఆ మాట నోట్లోంచి రాదు.

ఆమెతో నాకు మొదటి తగువు జమ్ము మీద వచ్చింది. తూర్పు మూల జమ్ము దట్టంగా ఉంది. దాన్ని ముట్టుకోవద్దంది.

"జమ్ము తీయకపోతే కుంట బాగయిందని ఎవురంటారు మేడం? కంపే గదా అది" అన్నాను.

"వీధి మురుగు దాంట్లోంచి పోతే వడకట్టినట్టు అవుతుంది లింగక్కా. పైగా నీటికోళ్ళు గూళ్ళు పెట్టాయి. పిల్లలు బయటికి వచ్చేదాకా మిషన్ అటు పోకూడదు" అంది.

నాకు నచ్చలేదు. మా కాలంలో కుంట బాగుచేయడమంటే మూల మూలా ఊడ్చినట్టు తీయడమే. కానీ ఆమె చెప్పినట్టే చేశాం. ఒక పక్క ఇళ్ళు, ఒక పక్క గూళ్ళు, మధ్యలో మిషన్. ఆ మిషన్ వెనక్కి వచ్చేటప్పుడు టీం టీం అని కూసే కూత ఉందే, అది రెండు పక్కలా చెవులు తినేసేది. డ్రైవరును ఆపేయమంటే, "అది ఆపితే మీ ఆడోళ్ళే సక్రం కిందికి వస్తారక్కా" అన్నాడు. నిజమే.

రాత్రి పని మానేశాక కూడా వీధి గొణుగుతూనే ఉంది. మిషన్ ఆరుకు ముందు మొదలుకాదు, పది దాటదు. అయినా తెల్లవారి చప్పుడని, పొద్దుపోయి చప్పుడని వచ్చేవాళ్ళు. మేడం ఆలోచించి గట్టు పొడుగునా ఇనుప రేకులు నిలబెట్టించింది. రేకులు చప్పుడును ఆపుతాయని ఎక్కడో చూసిందట. నిలబెట్టిన రోజు వీధిలోకి దిగి గుమ్మాల దగ్గర నిలబడి విన్నాం. చప్పుడు తగ్గింది. ఆమె ముఖం వెలిగింది.

మర్నాటికి గొడవ రెట్టింపైంది. ఎందుకంటే ఎండాకాలం రాత్రుళ్ళు మా వైపు గుమ్మాల లోపల ఎవరు పడుకుంటారు? అందరూ మిద్దెల మీదే. చప్పుడు రేకులకు తగిలి మిద్దెల మీదికి ఎక్కింది. కింద ఎవరూ లేని గదుల్లో నిశ్శబ్దం, పైన మనుషులున్న చోట మోత. మా గుంపులో అందరమూ మిద్దెల మీద పడుకునే వాళ్ళమే, ఒక్కరికీ ముందు తట్టలేదు.

ఆ మధ్యాహ్నం వీధి వీధంతా చాపలు, దిండ్లు చంకన పెట్టుకుని గట్టెక్కింది. వచ్చి జేసీబీ నీడలో పరుచుకుని పడుకున్నారు. సువర్ణమ్మ ముందు వరసలో ఉంది.

"ఏమ్మా ఇది?" అంది మేడం.

"మీ రేకుల చాటున సప్పుడు రాదంట గదా మేడం. అందుకే ఈడికే కాపురం వచ్చేసినాం. కాఫీ ఎవురు ఇస్తారు?" అంది సువర్ణమ్మ పడుకునే.

డ్రైవరు బండి దిగి, టైరు పక్కన పడుకున్న ఒక ముసలావిడకు చేతులు జోడించాడు. "అవ్వా, ఆ టైరు కాడ నుంచి రోంత జరుగు. నాకు పెండ్లాం బిడ్డలుండారు."

"నాకూ ఉండారు నాయనా, వాళ్ళకే నిద్ర ల్యాదు" అంది ఆ ముసలావిడ కళ్ళు తెరవకుండా.

మేడం ముందు బిగుసుకుంది. తర్వాత నవ్వేసి తనూ మట్టి మీద కూర్చుంది. మాటలు అప్పుడు మొదలయ్యాయి. మగ్గాల వాళ్ళు పొద్దున్నే చల్లపూట నేత మొదలుపెట్టి, ఎండెక్కాక అన్నం తిని మగ్గం గదిలో పడుకుంటారు. మోత తగ్గినా ఆ గదిలో నేల అదురుతుంది. నియమం ప్రకారం మధ్యాహ్నం చప్పుడు చేయొచ్చు. ఆ వీధికి మాత్రం మధ్యాహ్నమే రాత్రి. నియమం రాసినవాళ్ళను నేను తప్పుపట్టను. దేశమంతటికీ ఒకటే రాయాలి కదా. కానీ నియమం దాటలేదు కాబట్టి నేను మంచిదాన్ని అనుకునే మేస్త్రీ మంచి మేస్త్రీ కాదు.

ఒప్పందం ఇట్లా కుదిరింది. మధ్యాహ్నం మిషన్ ఆపాలి. పొద్దు మునిగాక, నియమం ఒప్పినా సరే, ఆపాలి. పోయిన పనిని తెల్లవారుజామున చేతులతో చేసి పూడ్చుకోవాలి. ఎండలో ఆడవాళ్ళు ఎట్లాగూ నిలవలేరు, తెల్లవారి పని మాకూ మేలే.

కూత లేని పొద్దు

తెల్లవారి పనికి సువర్ణమ్మ ఒక షరతు పెట్టింది. అప్పటికి ఆమె కూతురు కాన్పయి బిడ్డ ఇంటికి వచ్చింది. ఆ వీధిలో ఒక పద్ధతి ఉంది. బాలింత ఉన్న ఇంటికి అటూ ఇటూ ఉన్న ఇళ్ళలో బిడ్డకు పేరు పెట్టేదాకా పొద్దెక్కకుండా మగ్గం మొదలుపెట్టరు. పొద్దున పని పోతుందని తెలిసీ ఆపుకుంటారు. తమ మగ్గాలే ఆపుకున్నవాళ్ళు మా నోళ్ళను ఊరికే వదులుతారా? "రండి, తవ్వుకోండి. కానీ మాట ఇనపడకూడదు" అంది.

అసలు చప్పుడంతా మా నోళ్ళదే. ఇంటి దగ్గర మాట్లాడటానికి తీరిక లేనివాళ్ళు మట్టిపనిలోనే మాట్లాడుకుంటారు. అత్త సంగతి, ఆవకాయ సంగతి, ఎవరి మొగుడు ఎక్కడ తాగి పడ్డాడో ఆ సంగతి, అన్నీ తట్ట చేతులు మారేటప్పుడే. నేను కచ్చితంగా చెప్పాను, ఆరు కొట్టేదాకా ఒక్క మాట వినపడకూడదని. ఇనుప తట్టలు ఒకదానికొకటి తగిలి మోగుతుంటే కొత్త రబ్బరు తట్టలు కొందామన్నాడు కాంట్రాక్టరు. ఎందుకు దండగ? ఆదోనిలో పంక్చరు షాపు ఖాజా దగ్గర పారేసే ట్యూబులు తెచ్చి, ముక్కలు కోసి, తట్టల అంచులకు చుట్టించాను. మోత పోయింది.

ఆ పొద్దులు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టున్నాయి. వెలుగు రాకముందే అందరం వరసగా నిలబడి, చేతి నుంచి చేతికి తట్టలు. ఊపిరి తప్ప ఏమీ వినపడదు. జమ్ములో నీటికోడి కుర్ కుర్ అనేది. జీవితమంతా కుంటల్లో పనిచేసి ఆ పక్షి గొంతు అక్కడే మొదటిసారి సరిగ్గా విన్నాను. మేము మాట్లాడుతూ ఉంటే అదెక్కడ వినపడుతుంది? మేడం ఎందుకు ఆ మూల వదలమందో అప్పుడు కొంచెం తెలిసింది.

కానీ కూత కూడా నోటి నుంచే వస్తుంది. అది మేమెవ్వరం ఆలోచించలేదు. ఆ వేళకు మిషన్ నడవదు, మమ్మల్ని దింపిన ట్రాక్టరు గట్టు అవతలే ఆగి ఉంటుంది. కోసేది ఎత్తు తక్కువ గట్టు. కూతతో పనేముందని అందరికీ అనిపించింది. రూతమ్మ పైన ఊరికే నిలబడటానికి ఒప్పుకోలేదు.

"కూత ల్యాకుండా పైన నిలబడి కూలి తినేదానికి నేనేమన్నా సారునా? దిగుతాను" అని పార తీసుకుంది.

ఆ పొద్దున ఆమె కాలువ పక్కన వంగి తవ్వుతోంది. పైన రాత్రి చెమ్మకో, ముందురోజు మిషన్ అదురుకో మట్టి బీట ఇచ్చింది. ఎదురుగా ఉన్న హుసేనమ్మ చూసింది. చూసి నోరు తెరవలేదు. రెండు చేతులూ పైకెత్తి ఊపింది. రూతమ్మ వీపు ఇటు ఉంది. ఆమెకు చేతులెట్లా కనపడతాయి? మట్టి పెళ్ళ జారి ఆమె తొడ మీద పడింది.

మేమంతా దూకి మట్టి తోస్తున్నాం. అప్పుడు కూడా ఎవరూ అరవలేదు. హుసేనమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. నడుము దాకా మట్టిలో ఉన్న రూతమ్మ, పళ్ళు బిగబట్టి, నా చెయ్యి పట్టుకుని గుసగుసగా అంది: "అరవగాకండి మే. బిడ్డ నిద్రపోతాండాది."

ఎముక విరిగింది. ట్రాక్టరు ట్రాలీలో పడుకోబెట్టి ఆదోని ఆసుపత్రికి తీసుకుపోయాం. వీధిలో ఒక్కరికీ తెలియలేదు. తెల్లవారాక ట్రాక్టరు ఎందుకు అంత తొందరగా పోయిందని ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. రూతమ్మ ఏది అని రెండు మూడుసార్లు సువర్ణమ్మే అడిగితే ఊరికి పోయిందన్నాం. ఎందుకట్లా అన్నామో ఇప్పటికీ చెప్పలేను. ఆ మాట ఎత్తితే ఏడుపు చప్పుడవుతుందని కాబోలు.

మిగిలిన పనంతా పాట లేకుండా సాగింది. మళ్ళీ పైన ఒక మనిషిని నిలబెట్టాను, వెలుగొచ్చేదాకా మట్టి కోయించలేదు. కానీ తట్ట అందుకునేటప్పుడల్లా నా తల పైకి తిరిగేది. అక్కడ నిలబడింది ఇంకెవరో.

పిల్లలూ, ఇది గట్టిగా పట్టుకోండి. చప్పుడు తగ్గించమని ఎవరడిగినా తగ్గించండి. మిషన్ ఆపండి, తట్టలకు గుడ్డ చుట్టండి, మాటలు మానండి. కూత మాత్రం ఆపొద్దు. చంటిబిడ్డ లేచి ఏడిస్తే దాని తల్లి జోకొడుతుంది.

ఆ సాయంత్రం

మొదట చెప్పిన గొడవ దగ్గరికి వస్తాను. "ఎవురి కాలు?" అని సువర్ణమ్మ అడిగింది. జరిగింది జరిగినట్టు చెప్పాను. రూతమ్మ అన్న మాట కూడా చెప్పాను. కోపంతోనే చెప్పాను, ఆమెకు తగలాలనే చెప్పాను.

ఆమె గట్టు దిగి ఇంట్లోకి పోయింది. జేసీబీ డ్రైవరు మిషన్ ఆపి నా వైపు చూశాడు, మేడం వైపు చూశాడు. మేడం అంది, "రూలు ప్రకారం పది దాకా టైముంది లింగక్కా. మాట ప్రకారం లేదు. నేను స్టార్ట్ చేయమని చెప్పలేను."

"మాట ఇచ్చింది నేను. తప్పేదీ నేనే" అన్నాను.

డ్రైవరు తాళం తిప్పబోతుంటే సువర్ణమ్మ మళ్ళీ వచ్చింది. వెనక ఆమె మొగుడు, వీధిలో మగవాళ్ళు కొందరు, వాళ్ళ చేతుల్లో వైరు చుట్టలు, ట్యూబులైట్లు.

"మిషన్ వద్దక్కా. ఆ టీం టీం నేను తట్టుకోలేను, నా కూతురు తట్టుకోలేదు. మనుషులు తవ్వండి. దీపాలు మేం పెడతాం. మా మగోళ్ళు తట్టలెత్తుతారు. మగ్గం సేతులు, పార పట్టేది తెల్దు, తిట్టగాకండి."

"ఎంతసేపని తవ్వేది మే, నోరు మూసుకోని?"

"నోరు మూసుకోమని ఎవురన్నారు?" అంది సువర్ణమ్మ. "మాట్లాడండి. అరవండి. పాట పాడుకుంటారో, నన్నే తిట్టుకుంటారో. మీ సప్పుడు ఇనపడకపోతే ఇంగ నాకు బయమేస్తాది. కాలు ఇరిగినా అరవలేదంటనే! నేను పసిబిడ్డకు సెప్పుకుంటా, నీ కోసరమే అరుస్తాండారు పండుకో అని."

నేను చాలామందితో పోట్లాడాను. ఓడిపోయిన పోట్లాటల్లో అది ఒకటి. జేసీబీని ఆపించాను. మేడం చెప్పులు విడిచి పక్కన పెట్టి, చీర కొంగు దోపుకుని తట్ట వరసలో నిలబడింది.

వీధి మిద్దెల మీద నుంచి ట్యూబులైట్లు వెలిగాయి. పైన నిలబడేదెవరని హుసేనమ్మను చూశాను. వద్దని తల ఊపింది. "నువ్వే నిలబడాల" అన్నాను. నిలబడింది. మొదటి కూత ఆమె గొంతులోంచి సగమే వచ్చింది. రెండోది వీధి చివరి దాకా వినపడింది. అక్కడి నుంచి ఎవరి నోరూ ఆగలేదు. మగ్గం మనిషి ఒకడు తట్ట ఎత్తలేక కూలబడితే, "ఏమప్పా, దారం కంటే బరువుండాదా?" అని ఎవరో అంటే గుంపంతా నవ్వింది. అతను సిగ్గుపడి మళ్ళీ లేచాడు. రాత్రి అన్నాల వేళకు దిబ్బ పోయింది. కాలువ నోరు తెరుచుకుంది. ఆదోనికి ఆఖరి బస్సు వెళ్ళిపోయి ఉంటే, వీధి అరుగుల మీద మాకు చాపలు వేశారు.

మర్నాడు పొద్దున

వాన మా మీద పడలేదు. పైపొలాల్లో పడింది. తెల్లవారేసరికి వంకలో నీళ్ళు వచ్చాయి. ముందు ఎర్రటి నురగ, దానిలో పుల్లలు, ప్లాస్టిక్ సీసాలు, ఎవరిదో తెగిన చెప్పు. కాలువ నోటి దగ్గర నీళ్ళు ఒక్క క్షణం సుడి తిరిగి, కుంటలోకి దూకాయి. నేతవీధి పొడిగా ఉంది. వీధి జనం, మా గుంపు గట్టు మీద నిలబడి చూశాం. మేడం ఫోనులో ఫోటోలు తీసుకుంది. కాంట్రాక్టరు రేకులు ఊడదీయించి ట్రాలీలో వేయించాడు.

నేను మొదటి బస్సుకు ఆదోని పోయాను. రూతమ్మ కట్టు కాలుతో వాళ్ళింట్లో మంచం మీద ఉంది. అప్పటికింకా కూతురి ఊరికి పోలేదు.

"నీళ్ళొచ్చినాయి" అన్నాను.

లేవబోయింది. లేవలేక మళ్ళీ పడుకుంది. "సప్పుడెట్లుండె?" అంది.

"ఏముంది, నీళ్ళ సప్పుడు."

"అట్ల గాదు లింగక్కా. కూచో. సరిగ్గా సెప్పు."

మంచం కోడు పక్కన నేల మీద కూర్చున్నాను. నురగ వచ్చింది చెప్పాను, సుడి తిరిగింది చెప్పాను, దూకేటప్పుడు మొదట గరగరమని, తర్వాత కుంట నిండేకొద్దీ మెత్తబడి, చివరికి ఎవరో పక్కగదిలో మాట్లాడుకుంటున్నట్టు అయిందని చెప్పాను. ఆమె కళ్ళు మూసుకుని వింది. అయిపోయాక, "మళ్ళా మొదట్నుంచి" అంది. చెప్పాను.